స్ప్రే కొట్టినా చొక్కా తడుస్తోంది, రోల్-ఆన్ మేలా?

బండి రెప్: తిరుపతిలో మెడికల్ రెప్‌ని. ఈ ఎండల్లో రేణిగుంట రోడ్డు మీద బండి తోలి డాక్టర్ గది ముందు నిలబడేసరికి చంకల కింద అరచేయంత తడి. స్ప్రే డబ్బా మీద మాత్రం 48 గంటలని గొప్పగా రాసుంది. అదే కంపెనీ రోల్-ఆన్ మా రూమ్మేట్‌కి బాగా పనిచేస్తోంది. రెండింటి వెనకాలా అల్యూమినియం క్లోరోహైడ్రేట్ అనే ఉంది, మరి తేడా ఎక్కడ?

సబ్బుల కెమిస్ట్: నీ డబ్బాలో అల్యూమినియం అన్నా ఉంది తమ్ముడూ, మన అంగళ్లలో దొరికే బాడీ స్ప్రేల్లో చాలావాటికి అదీ ఉండదు, ఉత్త స్పిరిట్, సెంటు. ఆ అల్యూమినియం ఉప్పు చెమటలో కరిగి, చెమట గ్రంథి నాళంలోకి దిగి, జెల్‌లా గట్టిపడి దారి మూయాలి. స్ప్రేలో అది పొడిగా సిలికాన్ నూనెలో తేలుతుంటుంది, గ్యాస్‌తో పాటు కొంత గాల్లోకి పోతుంది, మిగిలింది చర్మం మీద పడి చెమట వచ్చాక గానీ కరగదు. నీళ్ల రోల్-ఆన్‌లో ముందే కరిగి ఉంటుంది. డబ్బా ఊపకుండా కొడితే ఇంకా దండగ.

చిత్తూరు మామిడి: అన్నా, అలాగని రోల్-ఆనే ఎప్పుడూ గొప్ప అనలేం. ఉప్పును వేడిచేసి చిన్న అణువులుగా మార్చిన ‘యాక్టివేటెడ్’ రకం బాగా పనిచేస్తుంది, కానీ నీళ్లలో ఉంచితే మెల్లగా మళ్లీ పెద్దవైపోతాయి, అందుకే దాన్ని ఎక్కువగా నీళ్లు లేని స్టిక్కుల్లో వేస్తారు. ఆ స్టిక్కులో మైనం మరీ ఎక్కువైతే ఉప్పును వదలదు, అదో తంటా. ఇంకోటి, అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ లెక్కలో చెమట 20 శాతం తగ్గితే చాలు, చెమట తగ్గించేదని అమ్ముకోవచ్చు, 30 తగ్గితే ‘ఎక్స్‌ట్రా’ అని రాసుకోవచ్చు. పూర్తిగా ఆరిపోవాలంటే ఏ డబ్బా వల్లా కాదు.

కొర్లగుంట అక్క: ఏది కొన్నా రాత్రి పడుకునే ముందు, చంక బాగా తుడుచుకుని పూయి నాయనా. నిద్రలో చెమట తక్కువ కాబట్టి లోపల కుదురుకుంటుంది, పొద్దున స్నానం చేసినా పోదు. మెడికల్ షాపులో అల్యూమినియం క్లోరైడ్ లోషన్ దొరుకుతుంది, గట్టిదే, కానీ తడి చర్మం మీద ఆమ్లం పుట్టి మంటెత్తిస్తుంది. షేవ్ చేసిన రోజు జోలికే పోవద్దు. పటిక రుద్దితే వాసన తగ్గుతుంది, చెమట పెద్దగా తగ్గదు.

బండి రెప్: రాత్రి పూయాలని డబ్బా మీద ఒక్క ముక్క లేదక్కా! తెల్ల చొక్కాలకి పసుపు మరకలు కూడా దీనివల్లేనా?

సబ్బుల కెమిస్ట్: చాలావరకు అంతే, అల్యూమినియం, చెమట కలిసి బట్టకు పట్టేస్తాయి. పూశాక ఆరనిచ్చి చొక్కా తొడుక్కో, బ్లీచ్ వేయకు, మరక ఇంకా ముదురుతుంది.