అప్‌డేట్: నిద్ర తగ్గిద్దామని పోయి మధ్యాహ్నం కునుకు దగ్గర ఆగా

కిందటి నెల అడిగా కదా, గ్రూప్ 2 ప్రిపరేషన్‌కి టైమ్ చాలట్లేదు, నిద్రని ముక్కలు చేసి తగ్గించుకునే పద్ధతుల్లో ఉబర్‌మ్యాన్ బెటరా ఎవ్రీమ్యాన్ బెటరా అని. చాలామంది వద్దన్నారు, నేను వింటేగా.

ఉబర్‌మ్యాన్ అంటే 4 గంటలకోసారి 20 నిమిషాల కునుకు, రోజుకి 6, మొత్తం కలిపి 2 గంటలే. మూడో రోజు తెల్లారి బ్రాడీపేటలో టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడే నిద్రపోయా, టీ అంతా కాలి మీద పడ్డాక గానీ తెలివి రాలా. దానికో దండం. డైమాక్సియన్ అని ఇంకోటుంది, దాని జోలికి అసలు పోలేదు, అదీ 2 గంటలే, కాకపోతే 6 గంటలకోసారి 30 నిమిషాలు, బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అని అమెరికా ఆర్కిటెక్ట్ పద్ధతంట, ఆయనకి గుంటూరు ఎండ తెలీదుగా.

తర్వాత ఎవ్రీమ్యాన్, రాత్రి మూడున్నర గంటలు ఒకేసారి, పగలు 20 నిమిషాలవి 3. పది రోజులు లాగా. మెలకువగానే ఉంటాం గానీ చదివింది బుర్రకెక్కితేగా, పాలిటీలో ఒకే పేజీ నాలుగుసార్లు చదివి అండర్‌లైన్ మీద అండర్‌లైన్ కొట్టుకున్నా, పైగా ఒక్క కునుకు మిస్సయితే ఆ రోజంతా గోవిందా.

ఇప్పుడు బైఫేజిక్, అంటే రోజుకి రెండు విడతల నిద్ర. రాత్రి 6 గంటలు, మధ్యాహ్నం అన్నం తిన్నాక 20 నిమిషాలు. మా అమ్మమ్మ ఎప్పట్నుంచో చేసేది ఇదే, పేరు తెలీదంతే. గంట పడుకుంటే మాత్రం గాఢనిద్రలోంచి లేచినట్టై తల దిమ్మెక్కుతోంది, అందుకే రూమ్మేట్‌కి చెప్పా, లేవకపోతే ఫ్యాన్ ఆపేయరా అని.