క్యారల్స్ అర్ధరాత్రే రావాలా? సాయంత్రం వస్తే తప్పేంటి?

అరండల్‌పేట కోడలు:

అందరికీ వందనాలు. మాది గుంటూరు, లూథరన్ సంఘం, ఓ 120 కుటుంబాలుంటాయి. ఏటా డిసెంబరు రెండో వారం నుంచి మా యూత్ ఇంటింటికీ క్యారల్స్‌కి, అంటే క్రిస్మస్ పాటలు పాడటానికి వస్తారు. రాత్రి పదింటికి చర్చి దగ్గర బయల్దేరితే చివరి ఇల్లు అయ్యేసరికి నాలుగవుతుంది. ఈసారి యూత్ వాళ్లే సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి పదిలోపు ముగిద్దామన్నారు. పెద్దల్లో సగం మంది ససేమిరా అంటున్నారు. "రాత్రి రాకపోతే అవి క్యారల్స్ ఎలా అవుతాయి" అని వాళ్ల మాట. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మీటింగ్ ఉంది. మీ సంఘాల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి. గట్టిగా వాదించినా పర్లేదు.

నేను సాయంత్రం వైపే. ముఖ్యంగా ఆడపిల్లల కోసం. నవంబరంతా ప్రాక్టీసుకి మానకుండా వచ్చేది వాళ్లే. పాట ఏ శ్రుతిలో ఎత్తుకోవాలి, ఆల్టో (అసలు పాటకి జతగా పాడే కింది స్వరం) ఎవరు పాడాలి, అన్నీ వాళ్లే చూసుకుంటారు. తీరా రౌండ్స్ మొదలయ్యే రోజుకి "రాత్రిపూట ఆడపిల్లలెందుకు" అని ఇంట్లో ఆపేస్తారు. నా పెళ్లికి ముందు తెనాలిలోనూ ఇదే పద్ధతి. మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ ఫస్టియర్. పోయినేడాది అబ్బాయిలు మా గుమ్మంలో నిలబడి పాడుతుంటే, అది వంటింట్లో గ్లాసుల్లో టీ పోస్తూ తను నేర్చుకున్న ఆల్టో కలిపింది. హాల్లో ఉన్న ఎవరికీ వినపడలేదు. నెల రోజులు నేర్చుకున్న పాట స్టవ్ ముందు పాడుకోవాల్సిన అవసరం ఏంటి?

రైల్వే కాలనీ, విజయవాడ:

సిస్టర్ గారూ, మీ బాధ అర్థమైంది. అయినా నేను రాత్రి వైపే మాట్లాడతాను. మా నాన్నగారు లోకో పైలట్‌గా రిటైరయ్యారు, నేనూ రైల్వేలోనే. మా కాలనీలో సాయంత్రం ఆరింటికి ఇంటిల్లిపాదీ ఇంట్లో ఉండటం అనేది జరగని పని. ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లు షెడ్డు మూసి ఇల్లు చేరేసరికి తొమ్మిది. బీసెంట్ రోడ్డులో బట్టల షాపుల్లో చేసే పిల్లలకి డిసెంబరులో ఇంకా ఆలస్యం, పండగ బేరాలు కదా. సాయంత్రమే తిరిగితే వీళ్ల ఇళ్లకి వచ్చి తాళం చూసి వెళ్లిపోవాలి. ఏడాదంతా ఆదివారం డ్యూటీ పడి గుడికి రాలేని వాళ్లకి, సంఘం తమ గుమ్మంలోకి వచ్చే ఒక్క రోజు అదే.

ఇంకోటి. రాత్రి ఒంటిగంటకి తలుపు తీస్తే టీవీ గోల ఉండదు, ఫోన్లు మోగవు. ప్రార్థన అంశాలు చెప్పమంటే మనసులో ఉన్నది చెబుతారు. మా నాన్నగారి ఆపరేషన్‌కి డబ్బు సరిపోలేదన్న సంగతి మా అమ్మ బంధువులెవరికీ చెప్పలేదు. ఆ డిసెంబరులో క్యారల్స్ పిల్లలు ప్రార్థన చేస్తామంటే వాళ్ల ముందు చెప్పింది. అదే సాయంత్రం ఏడింటికి, పక్కింటాయన వచ్చి కూర్చుని ఉండగా చెప్పి ఉండేదా?

సింగ్‌నగర్ యూత్:

మేం రెండు రకాలుగానూ చేశాం, లెక్క చెబుతా. గేటు దగ్గర ఒక పాట, లోపలికెళ్లాక ఒక పాట, బైబిల్ వాక్యం, ప్రార్థన, కానుక, క్రిస్మస్ తాత పిల్లలకి చాక్లెట్లు ఇవ్వడం, టీ. ఎంత తొందరపడినా ఇంటికి పావుగంట. సాయంత్రం నాలుగు గంటల్లో 16 ఇళ్లు అవుతాయి. మీ 120 కుటుంబాలకి ఎనిమిది సాయంత్రాలు. రాత్రి పది నుంచి నాలుగు దాకా తిరిగితే 24 ఇళ్లు, ఐదు రాత్రుల్లో అయిపోతుంది. నడిచే టైమ్ ఇందులో కలపలేదు.

మా విజయవాడలో ఇంకో చిక్కు ఉంది. 2024లో భవానీ దీక్షల విరమణ డిసెంబరు 21 నుంచి 25 దాకా పడింది. దుర్గమ్మ గుడికి వచ్చిన ఎర్రబట్టల భవానీలతో కొండ చుట్టుపక్కల రోడ్లన్నీ నిండిపోయాయి. పాయకాపురం వైపు ముగించుకుని వన్‌టౌన్ చేరాలంటే ఆ సాయంత్రాలు మా వల్ల కాలేదు. అలాగని రాత్రి తిరగడం తేలికేం కాదు. మర్నాడు కాలేజీ ఉంటుంది, రెండో రాత్రికే సగం మంది రారు, మంచులో తిరిగి గొంతులు పోతాయి. 24న ఆరాధనలో పాడాల్సిన వాళ్లు మిరియాల పాలు తాగుతూ కూర్చుంటారు.

లా స్టూడెంట్, కొత్తపేట:

ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. శబ్ద కాలుష్య నియమాలు 2000లో వచ్చాయి. వాటి ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకి రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు గానీ, ఏడాది మొత్తానికి 15 రోజులు మించకూడదు, అదీ రాత్రి 12 వరకే. ఇళ్లుండే ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. "మేం మైకు పెట్టం, డోలక్, గిటారే కదా" అని చాలామంది అంటారు. 2010లో నియమాలు సవరించినప్పుడు వాయిద్యాలను కూడా చేర్చారు. కాబట్టి ఒంటిగంటకి వీధిలో డోలక్ వాయించినా నియమం దాటినట్టే. ఒట్టి గొంతుతో పాడుకుంటూ వెళ్తే ఆ ఇబ్బంది రాదు.

రైల్వే కాలనీ, విజయవాడ:

మరి ధనుర్మాసంలో దేవాలయాల్లో తెల్లవారుజామున అయిదింటికే మైకు మోగుతుంది. నియమం అందరికీ ఒకటే ఉండాలిగా?

సత్యనారాయణపురం, విజయవాడ:

అందరికీ ఒకటే ఉండాలని నేనూ అంటాను. మా ఇంట్లో ధనుర్మాసం చేస్తాం. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలవుతుంది, రోజుకో తిరుప్పావై పాశురం చొప్పున ముప్పై. మేం వెళ్లే గుడిలో బయట హారన్ ఉండేది. పక్కింట్లో బాలింత ఉందని వాళ్ల వాళ్లొచ్చి అడిగితే అది తీసేసి లోపల చిన్న స్పీకర్ పెట్టుకున్నారు. భక్తులేమీ తగ్గలేదు.

క్యారల్స్ సంగతికొస్తే, నేను మీ సంఘాల మనిషిని కాను, చూసింది చెబుతాను. నాలుగున్నరకి లేచి వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు మొదలుపెడతాను. మా వీధి చివర రెండు క్రైస్తవ కుటుంబాలున్నాయి. ఆఖరి ఇల్లు చూసుకుని పిల్లలు ఆ వేళకే వెనక్కి వస్తుంటారు, తలకి మంకీ క్యాపులు, భుజాన గిటారు. ముగ్గు తొక్కకుండా గోడవారగా ఒకరి వెనక ఒకరు తప్పుకుని పోతారు. ఓ ఏడాది వీధిలైటు పోయి ఉంటే, చివర వస్తున్న అబ్బాయి ఫోన్ లైటు వేసి నిలబడ్డాడు, నేను చుక్కలు కలిపే దాకా. "పడుకోవా నాన్నా" అంటే "ఇంటికెళ్లి పడుకుంటానండి" అన్నాడు. ఆ పిల్లలు రాత్రిపూట తిరగడం నాకెప్పుడూ కష్టం అనిపించలేదు. డప్పు తెచ్చిన ఏడాది మాత్రం మా మామగారు ఉలిక్కిపడి లేచి, మళ్లీ నిద్రపట్టక తెల్లారేదాకా కూర్చున్నారు. నాకున్న అభ్యంతరం ఆ డప్పు ఒక్కటే.

కొరిటెపాడు పెద్దాయన:

అరండల్‌పేట అమ్మాయి గారూ, నాకు డెబ్బై నాలుగేళ్లు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. అప్పట్నుంచి తరాలు మారాయి, గుళ్లు మారాయి, పాటలు కూడా కొత్తవి వచ్చాయి. మార్పు వద్దని నేననను. కానీ లూకా సువార్తలో దూత వచ్చింది రాత్రివేళ మంద కాచుకుంటున్న కాపరుల దగ్గరికి. మెలకువగా ఉన్నవాళ్లకే ఆ వార్త ముందు అందింది. క్యారల్స్ రాత్రి పాడటంలో ఆ అర్థం ఉంది.

మా చిన్నప్పుడు పల్లెలో వెదురు బద్దలతో స్టారు కట్టి, రంగు కాగితం అంటించి, పెట్రోమాక్స్ లైటు పట్టుకుని వచ్చేవాళ్లు. ఏ రాత్రి వస్తారో తెలిసేది కాదు. పిల్లలం మంచి చొక్కా వేసుకునే పడుకునేవాళ్లం. దూరంగా తాళాలు వినపడితే లేచి కూర్చునేవాళ్లం, ముందు ఏ వీధిలోకి మళ్లారో చెవులు రిక్కించి వినేవాళ్లం. ఇప్పుడు వాట్సాప్‌లో "మీ ఇంటికి 7.15" అని పెడుతున్నారట. డాక్టరు గారి అపాయింట్‌మెంటులా ఉంటుంది అది. ఎదురుచూపు లేని క్రిస్మస్ నాకు పండగలా తోచదమ్మా. ఆడపిల్లల విషయంలో మీరన్నది న్యాయమే, కాకపోతే దానికి వేళ మార్చక్కర్లేదు. పెద్దవాళ్లం తోడు వెళ్తే సరిపోతుంది.

అరండల్‌పేట కోడలు:

పెద్దాయన గారూ, మీ మాట గౌరవిస్తూనే అడుగుతున్నాను. "పెద్దవాళ్లు తోడు వెళ్తారు" అని మా సంఘంలో ఏటా అనుకుంటాం. ఎవరు వెళ్లారు? ఆడవాళ్లకి ఇంట్లో పని, ఏ గంటకి వస్తారో తెలియదు కాబట్టి కదలడానికి లేదు. మగవాళ్లు పొద్దున ఆఫీసంటారు. ఏటా ఆ మాట అక్కడే ఆగిపోతుంది, పిల్లలు ఇంట్లోనే ఉండిపోతారు. నాకూ అలాగే గడిచింది, మా అమ్మాయికీ అలాగే గడుస్తోంది.

ఎదురుచూపు అంటే ఏంటో మా ఇంట్లో ఏటా చూస్తాను. మా అత్తమ్మకి 71. మా వంతు వచ్చే రోజు మధ్యాహ్నం నుంచే హడావుడి. అల్లం దంచి గిన్నెలో మూతపెడతారు, పాలు రెండు లీటర్లు ఎక్కువ తెప్పిస్తారు, సోఫా మీద ఉతికిన దుప్పటి పరుస్తారు. కానుక కవరు మీద ఇప్పటికీ మామగారి పేరే రాస్తారు, ఆయన పోయి ఇన్నేళ్లయినా. పది దాటాక స్వెట్టరు వేసుకుని హాల్లో కుర్చీలో కూర్చుంటారు. షుగరు ఉంది కాబట్టి పక్కన బిస్కెట్ల ప్లేటు పెడతాను. "మీరు పడుకోండి అత్తమ్మా, రాగానే లేపుతాను" అంటే వినరు. "పాట మొదలయ్యాక లేస్తే ఏం బావుంటుందే, అప్పటికే లేచి ఉండాలి" అంటారు. మీరు రాసింది కూడా ఇదే. దీన్ని నేను తక్కువ చేసి మాట్లాడను.

అయితే పోయినేడాది మా ఇంటి వంతు వచ్చేసరికి మూడున్నర. అబ్బాయిలు నిలబడలేక నిలబడ్డారు. గేటు దగ్గరే ఒక పాట, అక్కడే ప్రార్థన. లోపలికి రాలేదు. కాచిన టీ డేక్సాలో అలాగే ఉండిపోయింది. తెల్లారాక అత్తమ్మ నాతో "వచ్చే ఏడు మనల్ని కాస్త ముందు పెట్టమని అడుగు" అన్నారు, అంతే. రాత్రి ఆరు గంటల పాటు తిరిగే పద్ధతిలో, జాబితా చివర పడ్డ ఇంటికి దక్కేది ఇది. రాత్రి ఒంటిగంట ప్రార్థన ఎంత బాగుంటుందో రైల్వే కాలనీ గారు చెప్పారు. మూడున్నర ప్రార్థన ఎలా ఉంటుందో నేను చెబుతున్నాను.

రైల్వే కాలనీ గారూ, డ్యూటీ ఉన్న ఇళ్లని వదిలేయమని నేను అనను. మీ అమ్మగారి సంగతి చదివాక అసలే అనను. మా సంఘంలో అలాంటి ఇళ్లు ఇరవై దాకా ఉంటాయి. వాళ్ల కోసం ఒక శనివారం రాత్రి ప్రత్యేకంగా వెళ్దాం, వాయిద్యాలు లేకుండా, గొంతులతో. మిగతా వంద ఇళ్లకి సాయంత్రమే. సింగ్‌నగర్ తమ్ముడి లెక్క ప్రకారం ఒక జట్టుకి ఏడు సాయంత్రాలు పడుతుంది. రెండు జట్లయితే నాలుగు చాలు. ఇప్పుడు రెండు జట్లకి మనుషులు ఎందుకు చాలడం లేదంటే, పాట వచ్చిన వాళ్లలో సగానికి పైగా ఇంట్లో కూర్చోబెట్టాం కాబట్టి.

సింగ్‌నగర్ యూత్:

అక్కా, రెండు జట్లంటే ప్రార్థన నడిపించగల వాళ్లు ఇద్దరు కావాలి, అది చూసుకోండి. మా దగ్గర ఒక జట్టుకి యూత్ సెక్రటరీ, రెండో దానికి సండే స్కూల్ టీచరమ్మ వెళ్లారు. ఆమె ఉంటే తల్లిదండ్రులు ఆడపిల్లల్ని అడ్డు చెప్పకుండా పంపారు.

కొరిటెపాడు పెద్దాయన:

రెండు జట్ల మాట నాకు నచ్చింది. అయినా మీ మీటింగ్‌లో నేనుంటే రాత్రికే చెయ్యెత్తుతాను, ఆ సంగతి దాచను. సాయంత్రమే అని ఖాయమైతే ఒక్కటి అడుగుతాను. ఏ రోజో చెప్పండి, ఏ టైమో చెప్పొద్దు.

సింగ్‌నగర్ యూత్:

సొంతిళ్ల వీధుల్లో అలా కుదురుతుంది పెద్దాయనా. అపార్ట్‌మెంట్లలో కష్టం. గేటు దగ్గర పేర్లు రాయించుకుని, ఫ్లాట్‌కి ఫోన్ చేసి అడిగాకే పైకి వదులుతారు. అక్కడికి మాత్రం టైమ్ చెప్పే వెళ్లాలి.

రైల్వే కాలనీ, విజయవాడ:

సిస్టర్ గారూ, ఆ ఇరవై ఇళ్ల జాబితా ఎవరు రాస్తారు? నా డ్యూటీ ఎప్పుడు మారుతుందో నాకే తెలియదు. జాబితాలో పేరు లేదని ఒక్క ఇల్లు వదిలేసినా వాళ్లు ఏడాదంతా బాధపడతారు.

అరండల్‌పేట కోడలు:

ఆదివారం ప్రతి కుటుంబానికీ ఒక చీటీ ఇస్తాం. సాయంత్రమా, రాత్రా అన్నది ఎవరిది వాళ్లే రాస్తారు. చీటీ ఇవ్వని ఇంటికి యూత్ వాళ్లు ఫోన్ చేయాలి. డ్యూటీ మారితే ఆ రోజు మధ్యాహ్నంలోపు చెబితే మార్చుకోవచ్చు. పెద్దాయన గారు అడిగింది కూడా పెడతాను, అపార్ట్‌మెంట్లు తప్ప మిగతా ఇళ్లకి రోజు మాత్రమే చెబుతాం.

వీటిలో దేన్నైనా మీటింగ్‌లో సర్దుబాటు చేసుకోవడానికి నేను సిద్ధమే. ఒక్కదానికి మాత్రం పట్టుబడతాను. పోయినేడాది చివర పడ్డ ఇళ్లు ఈసారి ముందు రావాలి, ఏటా ఆ జాబితా తిరగేయాలి.