అక్టోబరు చిత్రోత్సవం: హాలు వారి అభ్యంతరంపై శుక్రవారంలోగా తేల్చుకోవాలి

పలాస:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇంగ్లండులో మన తెలుగువారి చిత్రోత్సవానికి ఒక శనివారం చర్చి హాలులో మూడు సినిమాలు వేద్దామనుకున్నాం కదా. ఆ హాలు అద్దెలో మిగిలిన సగం కట్టడానికి ఈ ఉదయం చర్చి కార్యాలయానికి వెళ్ళాను. వారు డబ్బు తీసుకోలేదు. మన పోస్టరు మీద సమాధి బొమ్మ ఉన్నదని, హాలు గోడకు ఆనుకొనే శ్మశానం ఉన్నదని, తమవారి సమాధుల మీద పూలు ఉంచడానికి వచ్చే కుటుంబాల ఎదుట దెయ్యం సినిమా వేయడానికి తమ సభ్యులు ఇష్టపడటం లేదని మర్యాదగానే చెప్పారు. ‘పాతాళ భైరవి’కీ ‘ఆదిత్య 369’కీ అభ్యంతరం లేదు. రాత్రి ఆటగా అనుకున్న ‘అరుంధతి’ మాత్రం కుదరదు. శుక్రవారంలోగా మన జవాబు రాకపోతే ఆ శనివారం వేరేవారికి ఇచ్చేస్తామన్నారు.

నరసన్నపేట:
అక్కగారూ, అయితే రాత్రి ఆట మానేద్దాం. ‘పాతాళ భైరవి’ ఒక్కటే మూడు గంటలకు పైబడిన చిత్రం. వచ్చేవారిలో ఎక్కువమంది పిల్లలతో వచ్చేవారే కాబట్టి రెండు సినిమాలతో రోజు నిండుతుంది.

బొబ్బిలి:
నేను దీనికి ఒప్పుకోలేను. అద్భుత, భయానక, విజ్ఞాన కల్పనా చిత్రోత్సవమని ఊరంతా చెప్పి, భయానకాన్ని తీసివేసి మిగతా రెండింటితో సరిపెట్టుకోవడం న్యాయం కాదు. నవరసాలలో భయానకానికి చోటిచ్చిన సంప్రదాయం మనది. స్పెయిన్‌లోని సిట్జెస్‌లో 1968 నుంచి, బ్రస్సెల్స్‌లో 1983 నుంచి ఇటువంటి చిత్రాలకే ప్రత్యేకంగా ఉత్సవాలు జరుగుతున్నాయి. 2013లో టొరంటోలో జరిగిన ఇటువంటి ఉత్సవంలోనే మన ‘ఈగ’ బహుమతులు గెలుచుకున్నది. 1995లో ‘అమ్మోరు’తో గ్రాఫిక్సును తెలుగు ప్రేక్షకుల ముందుకు తెచ్చిన కోడి రామకృష్ణ గారే 2009లో ‘అరుంధతి’ తీశారు. గద్వాల కోటలో సజీవంగా సమాధి అయిన పశుపతి కథను ఇక్కడ పుట్టిన మన పిల్లలు పెద్ద తెర మీద ఒక్కసారైనా చూడాలని నా కోరిక. మూడు ఆటలనూ మనం ఎప్పుడూ భోజనం చేసే హోటలు పైఅంతస్తుకు మార్చుకుందాం. ప్రొజెక్టరు నేను తెస్తాను.

రాజాం:
అన్నగారూ, హోటలులో అది కుదరదు. లైసెన్సు లేకుండా సినిమా వేసుకునే వెసులుబాటును ఈ దేశంలో 2015లో ఇచ్చినది చర్చి హాళ్ళు, ఊరి సామాజిక భవనాలు మొదలైన వాటికే. అది కూడా లాభం ఉద్దేశం లేకుండా, 500 మందికి మించకుండా, ఉదయం 8 నుంచి రాత్రి 11 గంటల మధ్య మాత్రమే. వయసు వర్గీకరణను పాటించాలి. నిర్మాతల అనుమతి ఎలాగూ విడిగా తెచ్చుకోవలసిందే. హోటలుకు ఈ మినహాయింపు వర్తించదు.

బొబ్బిలి:
ప్రతి సంవత్సరం ఎవరైనా ఒక కొత్త ఆలోచన చెప్పగానే ఇక్కడ ఒక నిబంధన ఎదురవుతుంది. ఎవరికీ కష్టం కలగని కార్యక్రమమే కావాలంటే సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి ఊరుకోవచ్చు.

పలాస:
ఆ ముగ్గుల పోటీకి తెల్లవారకముందే లేచి పనిచేసినవారు ఈ చర్చ చదువుతున్నారు. చర్చివారితో మాట్లాడి వచ్చినదాన్ని నేను, నిబంధన వెతికి చెప్పినది తమ్ముడు. మీరు కోప్పడవలసినది మా మీద కాదు.

చీపురుపల్లి:
నేను సిరిమానోత్సవానికి వచ్చి ఇంకా విజయనగరంలోనే ఉన్నాను, అందువల్ల ఆలస్యంగా చదివాను. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. పైడితల్లి అమ్మవారి జాతరలో భక్తీ భయమూ పక్కపక్కనే చూస్తూ పెరిగినవాళ్ళం కనుక, బొబ్బిలి అన్నయ్య పట్టుదల నాకు అర్థమవుతున్నది. కానీ శ్మశానం పక్కన బాధలో ఉన్నవారి మాటను మనం కాదనకూడదు. ‘అరుంధతి’ని విడిగా మరొకచోట వేయగలమా అన్నది ఒక్కటే ఇప్పుడు ఆలోచించాలి.

బొబ్బిలి:
పలాస అక్కగారూ, ఆ మాట అనవలసింది కాదు. క్షమించండి.

నరసన్నపేట:
ఆఫీసు నుంచి వస్తూ స్టేషను దగ్గరి పాత సినిమా హాలులో అడిగాను. మరునాడు, అంటే ఆదివారం సాయంత్రం, చిన్న తెర ఖాళీగా ఉన్నది. వారికి లైసెన్సు ఉన్నది కాబట్టి ఆ చిక్కు లేదు. అద్దె మాత్రం చర్చి హాలుకు మూడు రెట్లు. శనివారం భోజనాలకు పక్కన పెట్టిన డబ్బును దీనికి వాడుకుంటే సరిపోతుంది. శనివారం ఎవరి ఇంటి నుంచి వారు వండి తెచ్చుకుందాం. మా ఇంటి నుంచి పులిహోర తెస్తాను.

రాజాం:
సినిమా హాలులోనైనా వయసు వర్గీకరణ లేని చిత్రాన్ని వేయనివ్వరు. ‘అరుంధతి’కి ఇక్కడి చిత్రాల వర్గీకరణ బోర్డు ఇచ్చిన వర్గీకరణ ఉన్నదేమో ఈ రాత్రే చూస్తాను. లేకపోతే స్థానిక కౌన్సిలే చిత్రాన్ని చూసి ఏ వయసువారు చూడవచ్చో నిర్ణయించవచ్చు. అందుకు సమయం పడుతుంది కాబట్టి దరఖాస్తు రేపే వేస్తాను.

చీపురుపల్లి:
సినిమా హాలంటే మన దగ్గరి డిస్కు పనికిరాదు, డీసీపీ, అంటే హాళ్ళలో వేసే డిజిటల్ ప్రతి కావాలి. దానికి సాధారణంగా తాళం ఉంటుంది. ఆ తాళంచెవి కేడీఎం అనే ఫైలుగా విడిగా వస్తుంది. అది ఆ హాలులో సినిమా వేసే కంప్యూటరుకే, అంటే సర్వరుకే, మనం చెప్పిన తేదీ, గంటల మధ్యనే పనిచేస్తుంది. కాబట్టి నరసన్నపేట తమ్ముడు హాలువారి నుంచి సర్వరు సర్టిఫికెట్టు ఫైలు తీసుకొని నాకు ఈరోజే పంపాలి. నేను విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు వెళ్ళి, హక్కులు ఉన్నవారి దగ్గర అనుమతి పత్రం మీద సంతకం చేయించుకుని, హార్డు డిస్కును చేతి సంచిలో పెట్టుకుని తిరుగు విమానం ఎక్కుతాను. తాళంచెవి గడువు శుక్రవారం నుంచే మొదలయ్యేలా అడుగుతాను. లేకపోతే ముందుగా వేసి చూసుకునే అవకాశం ఉండదు, ఆదివారం ప్రేక్షకులు కూర్చున్నాక బొమ్మ పడకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఇంగ్లీషు ఉపశీర్షికలు అందులోనే ఉన్నాయో లేదో కూడా అడిగి తెలుసుకుంటాను.

బొబ్బిలి:
సర్టిఫికెట్టు కోసం నేను కూడా హాలుకు వెళతాను. శుక్రవారం రాత్రి పరీక్షకు నేనే కూర్చుంటాను. శబ్దం సరిగా లేకపోతే ఈ సినిమాకు ప్రాణమే ఉండదు.

పలాస:
చర్చివారికి జవాబు చెప్పి, అద్దె కట్టి రసీదు తీసుకున్నాను. శనివారం ఉదయం ‘పాతాళ భైరవి’, మధ్యాహ్నం ‘ఆదిత్య 369’. 1952లో మన దేశపు తొలి అంతర్జాతీయ చిత్రోత్సవంలో ‘పాతాళ భైరవి’ని ప్రదర్శించారన్న సంగతిని కొత్త పోస్టరులో వేయిస్తున్నాను, పాత పోస్టరును హాలు బోర్డు మీద నుంచి నేనే తీసివేశాను. ఆదివారం ఆటకు టిక్కెట్లు విడిగా అమ్మాలి. కౌన్సిలు నుంచి గానీ బోర్డు నుంచి గానీ వయసు సంగతి తేలే వరకు అమ్మకం మొదలుపెట్టకండి. చీపురుపల్లి తమ్ముడి విమానం గురువారం తెల్లవారుజామున దిగుతుంది, విమానాశ్రయానికి కారు తీసుకుని ఎవరు వెళతారు?

రాజాం:
నేను వెళతాను, అక్కగారూ.