ఎర్రనల్లిలో అన్నీ ఆడవేనా?

తాడికొండ_బెండతోట: మాది గుంటూరు పక్కన తాడికొండ. బెండాకు వెనక ఎర్రనల్లి గూడు కట్టింది. లెన్సు పెట్టి చూస్తే గుండ్రటి ఆడవే ఎక్కువ, వెనక కోసుగా ఉండే మగవి ఎక్కడో ఒకటీ అరా. వోల్బాకియా అనే బ్యాక్టీరియా మగవాటిని లేకుండా చేస్తుందని మా మేనల్లుడి వాదన. నిజమేనా అండీ?

బెజవాడ_పురుగుల_మేష్టారు: నల్లిలో ఫలదీకరణ జరగని గుడ్డు మగ, జరిగినది ఆడ. జతకట్టిన తల్లి పెట్టే గుడ్లలో ఫలదీకరణ జరిగినవే ఎక్కువ, కాబట్టి బ్యాక్టీరియా లేకపోయినా ఆడవే ఎక్కువండీ. వోల్బాకియా పని వేరు. అది తల్లి గుడ్డు ద్వారానే పిల్లలకు పోతుంది. అదున్న మగది లేని ఆడదానితో కలిస్తే చాలా గుడ్లు పాడవుతాయి, లేదా మగవే మిగులుతాయి. అదున్న ఆడదానికి ఆ బెడద లేదు. అలా మెల్లగా నల్లుల గుంపంతా పాకుతుంది.

నాకైతే కార్డీనియం అనే ఇంకో బ్యాక్టీరియా ఇంకా వింత. బ్రెవిపాల్పస్ అనే నల్లిలో, ఫలదీకరణ జరగక రెండే క్రోమోజోములతో మగగా పుట్టాల్సినదాన్ని ఆడగా మార్చేస్తుంది. యాంటీబయాటిక్ ఇస్తే మగవి పుట్టాయి. 2001లో సైన్స్ పత్రికలో వచ్చింది.

సాలీడు_పిచ్చి: మెర్మెసస్ అనే బుల్లి సాలీడులోనూ ఇంతే, వోల్బాకియా మగపిల్లల్ని ఆడపిల్లలుగా పెంచేస్తుంది!

తాడికొండ_బెండతోట: అయితే యాంటీబయాటిక్ కొట్టనా?

బెజవాడ_పురుగుల_మేష్టారు: వద్దు బాబూ! బ్యాక్టీరియా పోయినా నల్లి పోదు. ఆకు వెనక గట్టిగా నీళ్లు కొట్టండి, పండిన ఆకులు తీసేయండి.