14 మంది పిల్లల బడి: తీర్మానం మీద సంతకం పెట్టాలా, వద్దా?

చెరువుగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న ఊరు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో అయిదు తరగతులకూ కలిపి 14 మంది పిల్లలు, ఒక్కరే టీచరు. 2024 ఆగస్టులో పాఠశాల యాజమాన్య కమిటీ ఎన్నికలు జరిగినప్పుడు పోటీకి ఎవరూ ముందుకు రాకపోవడంతో నన్ను చైర్మన్‌ను చేశారు. ఇప్పుడు 3, 4, 5 తరగతుల్లోని ఎనిమిది మందిని రెండున్నర కిలోమీటర్ల అవతల ఉన్న మోడల్ ప్రైమరీ పాఠశాలకు పంపడానికి మాకు సమ్మతమేనని తీర్మానం ఇవ్వమని విద్యాశాఖవారు అంటున్నారు. ఒకటి, రెండు తరగతుల ఆరుగురు ఇక్కడే ఉంటారట. కాగితం ముందే టైపు చేసి తెచ్చారు. ఊరి పేరు, తేదీ, సంతకాలు మాత్రం మేము నింపాలి.

దారిలో వాగు ఉంది. అక్కడ తరగతికో టీచరు ఉంటారన్నదీ నిజమే. మా మాస్టారు మంచివారు, కానీ ఆయన సెలవు పెడితే క్లస్టర్ (చుట్టుపక్కల బడుల గుంపు) నుంచి ఎవరో ఒకరు వచ్చి తాళం తీయాలి. సంతకం పెట్టాలా, వద్దా? పార్టీల గొడవ తేకుండా చెప్పండి.

లెక్కలపక్షి

పెట్టండి. 14 మందికి ఒక టీచరు అంటే వినడానికి గొప్పగా ఉంటుంది, విద్యాహక్కు చట్టం 60 మంది దాకా ఇద్దరు టీచర్లు ఉండాలంటోంది, అంటే 30 మందికి ఒకరే కదా అనిపిస్తుంది. కానీ ఆ ఒక్కరూ అయిదు తరగతులకు పంచుకుపోవాలి. రోజులో ఒక్కో తరగతికి దక్కేది గంట. మిగతా పొద్దంతా పిల్లలు పలకల మీద ఎక్కాలు దిద్దుతూ కూర్చోవలసిందే.

డబ్బు సంగతీ చూద్దాం. సమగ్ర శిక్ష పథకం కింద బడి నిర్వహణకు వచ్చే కాంపొజిట్ గ్రాంటు, 30 మంది లోపు ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 మంది దాకా ఉంటే 25,000. మీ బడిలో తలకు 714 రూపాయలు పడుతోంది, 100 మంది ఉన్న బడిలో 250. టీచరు జీతం కూడా కలిపితే ఈ తేడా ఇంకెంత పెరుగుతుందో మీరే వేసుకోండి. ఇంత ఖర్చుకు ఫలితం ఏమిటి? పల్లె పిల్లల చదువు మీద ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 22.6 శాతం, 2022లో 10.3 శాతం. పదిమందిలో ఒక్కరు! ఊరి బడి మీద మమకారం నాకూ ఉంది. మమకారంతో అక్షరాలు రావు.

నల్లబల్ల

నేను ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ని. ఇలాంటి ఏకోపాధ్యాయ బడిలోనే పనిచేస్తున్నాను. లెక్కలపక్షి గారు చెప్పిన 10.3 శాతం చిన్న బడుల లెక్క కాదు. అందులో ప్రభుత్వ బడులూ ప్రైవేటు బడులూ కలిసే ఉన్నాయి, పెద్దవీ చిన్నవీ అన్నీ ఉన్నాయి. పైగా ఆ రెండు సర్వేల మధ్య కరోనాతో బడులు ఎంతకాలం మూతపడ్డాయో అందరికీ తెలుసు. ఆ అంకెను ఒక్క చిన్న బడి నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

ఇక 10,000 రూపాయల భోగం గురించి. అందులో కనీసం పది శాతం పరిశుభ్రతకే పెట్టాలి. మిగిలినదాంట్లో సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, విరిగిన కుళాయి. పిల్లలు 14 మంది అయినా 30 మంది అయినా కుళాయి ఒకటే, దాని ధరా ఒకటే. తలసరి లెక్క ఇక్కడ నప్పదు. ఆ డబ్బయినా జూన్‌లో చేతికొస్తుందా? పోయినసారి మాకు ఫిబ్రవరిలో వచ్చింది. మార్చి 31 లోగా బిల్లులు పెట్టకపోతే వెనక్కి. ఎనిమిది నెలలు నా జేబులోంచి పెట్టి, రెండు నెలల్లో రసీదుల కోసం పరుగులు తీశాను.

ఒక్కరే టీచరు ఉన్నచోట అసలు నష్టం వేరే ఉంది. పొద్దున పిల్లల హాజరు ఫోనులో, నా హాజరు ఫోనులో, మరుగుదొడ్ల ఫొటో, మధ్యాహ్నం భోజనం ఫొటో, కోడిగుడ్ల లెక్క. అయిదుగురు టీచర్లున్న బడిలో వీటిని పంచుకుంటారు. నా దగ్గర ఇవన్నీ చదువు గంటల్లోంచే పోతాయి. లెక్కలపక్షి గారి గంట కూడా మిగలదు.

విశ్రాంత హెచ్ఎం

చెరువుగట్టు గారూ, మీకు ముందు కొంచెం వెనకటి కథ చెప్పాలి. 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. చాలాచోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతులను దగ్గరలోని హైస్కూళ్లకు కలిపారు. 2025లో ఆ జీవోను తీసేసి తొమ్మిది రకాల బడులు పెట్టారు. వాటిలో ఒకటే మీరంటున్న మోడల్ ప్రైమరీ. ఒకే ఇంట్లో అక్క మూడో తరగతికి హైస్కూలు దారి పట్టింది, తమ్ముడు మూడో తరగతికి పక్కూరి దారి పడుతున్నాడు. ఇంకో మూడేళ్లకు ఏ రకం వస్తుందో! రెండుసార్లూ తల్లిదండ్రుల్ని అడిగింది ఆఖరునే.

చిన్న బడి అంటే చెడ్డ బడి అనే మాట నేను ఒప్పుకోను. మదనపల్లె దగ్గర ఉన్న రిషి వ్యాలీ విద్యాసంస్థ వారు చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన బడులను నేను చూసి వచ్చాను. అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో ఉంటారు. గోడ మీద అభ్యసన నిచ్చెన, మెట్టు మెట్టుకీ బొమ్మ గుర్తున్న కార్డులు. పిల్ల తాను ఎక్కడ ఆగిందో చూసుకుని తన కార్డు తానే తీసుకుంటుంది. నాలుగు రోజులు జ్వరమొచ్చి రాకపోయినా పాఠం తప్పిపోదు, ఆగినచోటి నుంచే మొదలు. టీచరు ఒక గుంపు దగ్గర కూర్చుంటే, పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెబుతుంటారు. తమిళనాడు ఆ పద్ధతినే తీసుకుని ముందు చెన్నై కార్పొరేషన్ బడుల్లో, తర్వాత రాష్ట్రమంతా పెట్టింది. మన దగ్గరా స్నేహబాల కార్డులని వచ్చాయి. కార్డులు పోతే, చిరిగితే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో మా బడికి వచ్చిన పెట్టె తాళం తెరవకుండానే ఉంచేశాం. అందులో నా తప్పూ ఉంది.

అయితే రిషి వ్యాలీ పేరు చెప్పి మీ బడిని కాపాడమని అనను. ఆ టీచర్లకు శిక్షణ ఉంది, నెలనెలా వచ్చి పక్కన కూర్చునే మనుషులున్నారు. మీ మాస్టారికి ఏముంది?

ఇద్దరు పిల్లల తల్లి

నేను కూడా మా ఊరి కమిటీలో సభ్యురాలిని. చట్టం ప్రకారం కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఉన్నాం. మినిట్స్ పుస్తకం ఆయా చేతికిచ్చి ఇంటికి పంపిస్తారు, పొయ్యి దగ్గర చెయ్యి తుడుచుకుని సంతకం పెడతాను. ఏం రాశారో ఎప్పుడూ చదవలేదు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

మా పెద్దది ఊరి బడిలో నాలుగు. చిన్నవాడిని ప్రైవేటు బడి బస్సు ఎక్కించాను. మా బడి బాగా లేదని కాదు. ‘ఈ ఏడాదో వచ్చే ఏడాదో ఎత్తేస్తారట’ అని మూడేళ్లుగా వింటున్నాం. మధ్యలో ఎత్తేస్తే పిల్లవాడు ఎక్కడికి పోవాలి? అందుకని ముందే మార్చేశాం. మా వీధిలో నలుగురు ఇలాగే చేశారు. పిల్లలు తగ్గారని ఇప్పుడు ఎత్తేస్తున్నారు! పిల్లల చదువుకు ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం 13,000 ఇద్దరికీ వచ్చింది. చిన్నవాడి డబ్బు ఫీజులోకి పోయింది. పెద్దదాని పేరు మీద పట్టుకున్న 2,000 బడి నిర్వహణకే అన్నారు. మా బడికి ఎంత చేరిందని కమిటీలో అడిగితే ఎవరూ చెప్పలేదు.

లెక్కలపక్షి

అమ్మా, మీరు చెప్పింది నా లెక్కలో లేదు. పుకారు కూడా పిల్లల సంఖ్యను తగ్గిస్తుందన్నమాట. ఒప్పుకుంటున్నాను.

అయినా చెరువుగట్టు గారి ఎనిమిది మంది సంగతి తేలాలి కదా. కిలోమీటరు దాటితే రవాణా భత్యం పిల్లకు ఏడాదికి 6,000 దాకా ఇవ్వవచ్చు. పది నెలలకు నెలకు 600. ఎనిమిది మందికి నెలకు 4,800. ఒక ఆటో మాట్లాడుకోవచ్చు.

ఇద్దరు పిల్లల తల్లి

ఆటో అబ్బాయికి నెల నెలా ఇవ్వాలండీ. భత్యం ఏ నెలలో పడుతుందో రాసివ్వగలరా? వాగు పొంగిన రోజు ఆటో రాకపోతే పనికి వెళ్లిన మాకు ఎవరు ఫోను చేస్తారు?

టెక్సాస్ తెలుగు

నేనుండేది ఇక్కడి ఒక చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఆ ప్రాంతపు బడులను నడిపే స్థానిక సంస్థ పరిధిలో. ఏడుగురు ట్రస్టీలను ఊరివాళ్లే ఓటేసి ఎన్నుకుంటారు. సూపరింటెండెంట్‌ను వాళ్లే నియమిస్తారు. బడ్జెట్ మీద బహిరంగ విచారణ పెట్టి తీరాలి, ఎవరైనా వెళ్లి అడగవచ్చు. మన కమిటీలకూ ఆ అధికారం ఇస్తే సరిపోదా?

విశ్రాంత హెచ్ఎం

నాయనా, మీ దగ్గర బడి ఆదాయంలో పెద్ద భాగం ఇళ్ల మీద, భూముల మీద వేసే పన్ను నుంచి వస్తుంది. ఊరు పేదదైతే బడీ పేదదేనని శాన్ ఆంటోనియో తల్లిదండ్రులు వేసిన కేసు 1973లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయింది. విలీనాలు మీకూ కొత్త కాదు. 1940 నాటికి దేశమంతా లక్షకు పైగా ఉన్న డిస్ట్రిక్టులు ఇప్పుడు 13,000 చిల్లర. మా ప్రకాశం జిల్లా మెట్ట ఊళ్లో పన్ను వేసి బడి నడపమంటే సుద్దముక్కకు కూడా చాలదు. టీచరు జీతం ట్రెజరీ నుంచి రావడమే మాకు మేలు.

కానీ లెక్క అడిగే హక్కు గురించి మీరన్నది నిజం. విద్యాహక్కు చట్టం 21, 22 సెక్షన్లు కమిటీకి మూడు పనులు రాసిచ్చాయి: బడి పని తీరు చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, గ్రాంటు ఎలా ఖర్చయిందో గమనించడం. 2010 నుంచి అమల్లో ఉన్న చట్టం. టీచర్ని అడిగే హక్కు, లెక్క అడిగే హక్కు కాగితం మీద ఉన్నాయి. బదిలీ, నియామకం, విలీనం పైన జరుగుతాయి. సంతకం మాత్రం కింద కావాలి.

పాలమూరు పాఠకుడు

తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు పెట్టారు. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్. మరమ్మతు పనులు సంఘం చేతుల మీదుగా జరిగాయి. మా ఊళ్లో గోడకు సున్నం పడింది, నల్లా వచ్చింది, డబ్బు ఎక్కడికి పోయిందో ఆడవాళ్లకు తెలుసు. అయితే ఆ సమావేశాల్లో ‘మా పిల్ల చదవగలుగుతోందా’ అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు. ఇక పక్క తండాలో పిల్లలు సున్నాకు చేరాక బడి మూసేశారు. ఇప్పుడు ఆ గదిలో వడ్ల బస్తాలున్నాయి. ఊరివాళ్లు మళ్లీ తెరవమని అడిగితే ముందు పిల్లల్ని చూపించమన్నారు. బడి లేకుండా పిల్లల్ని ఎక్కడ చూపిస్తారు?

నల్లబల్ల

చెరువుగట్టు గారూ, తీర్మానానికి ముందు ఒక పని చేయండి. మీ ఎనిమిది మందితో తల్లిదండ్రుల ఎదుటే రెండో తరగతి పాఠం ఒకటి చదివించండి. ఒక తీసివేత, ఒక భాగాహారం చేయించండి. అరగంట పని. అదే పాఠంతో ఆ మోడల్ బడి నాలుగో తరగతినీ చదివించి చూపమనండి. అక్కడివాళ్లు మెరుగని తేలితే పిల్లల్ని పంపడానికి మీకు ఒక కారణం దొరుకుతుంది. తేడా లేకపోతే వాగు దాటించడం ఎందుకు? మీ మాస్టారికి ఇది అవమానంగా అనిపించవచ్చు. ముందు ఆయనతో విడిగా మాట్లాడండి.

చెరువుగట్టు

చదివించాం. మాస్టారే పుస్తకం తెచ్చారు. ఎనిమిది మందిలో ముగ్గురు ఆగకుండా చదివారు, ఇద్దరు కూడబలుక్కుని చదివారు, ముగ్గురికి రాలేదు. రానివాళ్లలో మా అబ్బాయి ఒకడు. అయిదో తరగతి. ఇంట్లో నేను ఎప్పుడూ చదివించి చూడలేదు. పుస్తకం మూసి మాస్టారు కాసేపు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

మోడల్ బడిలో చదివించి చూపమంటే, పై నుంచి అనుమతి కావాలన్నారు.

తీర్మానం కాగితం కింద మేము మూడు మాటలు చేత్తో రాశాం. ఆటో నడిచిన మొదటి నెల తర్వాతే పేర్లు మార్చాలి. ఇక్కడ మిగిలే ఆరుగురికి టీచరు సెలవు పెట్టినా బడి మూయకూడదు. మూడు నెలలకోసారి రెండు బడుల్లోనూ తల్లిదండ్రుల ఎదుట చదివించాలి. అలా రాసి పదకొండు మందిమి సంతకాలు పెట్టాం. నమూనాలో లేనివి రాయకూడదని కాగితం తిప్పి పంపారు. శనివారం మళ్లీ సమావేశం. ఈసారి మినిట్స్ పుస్తకం ఇంటింటికీ పంపవద్దని, అందరూ బడికే రావాలని చెప్పాను. కూలిపనులున్న రోజులు కాబట్టి రాత్రి ఏడింటికి పెట్టాం. బడిలో బల్బు పోయింది, ఒకటి కొనాలి.