భర్త తప్పు బయటపడ్డాక క్షమించడం అంటే ఆ రాత్రే కాపురానికి వెళ్ళిపోవడమేనా?

ఒంగోలు విశ్వాసి:
అందరికీ వందనాలు. పేర్లు, ఊరు చెప్పను. మాకు తెలిసిన సంఘంలో ఒక సిస్టర్ భర్తకు వేరే చోట ఇంకో సంసారం ఉందని బయటపడింది, ఆయన ఫోన్‌లో నెలనెలా వెళ్తున్న ఇంటి అద్దె డబ్బులు చూసి ఆవిడే కనిపెట్టింది. ఆరాధన అయ్యాక పెద్దలు పాస్టర్ అయ్యగారి ఇంట్లో ఇద్దరినీ పిలిపించారు. ఆయన మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు, ప్రార్థన చేశారు, బైబిల్లో మలాకీ రెండో అధ్యాయం చదివారు. ఆవిడ గుమ్మం దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నిలబడే ఉంది, కూర్చోమన్నవాళ్ళు లేరు, నీకేం కావాలమ్మా అని అడిగినవాళ్ళూ లేరు. "నువ్వు క్షమించకపోతే పరలోకపు తండ్రి నిన్నూ క్షమించడు, ఈ రాత్రికే ఇంటికి వెళ్ళు, పిల్లలు ఎదురుచూస్తుంటారు" అని ఒక పెద్దాయన తేల్చేశాడు. ఆవిడ వెళ్ళింది. నా దృష్టిలో అది క్షమాపణ కాదు, గొడవ సద్దుమణిగితే చాలనుకోవడం. వాక్యం ఏం చెబుతుందో మీరు చెప్పండి.

నెల్లూరు బ్రదర్:
సిస్టర్, మీ బాధ అర్థమైంది కానీ పెద్దలను అంత తేలిగ్గా తప్పు పట్టొద్దు. దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదని ప్రభువే చెప్పాడు. మత్తయి సువార్తలో వ్యభిచారం జరిగితే విడిచిపెట్టొచ్చన్న మినహాయింపు ఉందంటారు, నిజమే, కానీ మార్కు 10లో, లూకా 16లో ఆ మినహాయింపు లేదు. హోషేయ ప్రవక్తను చూడండి, భార్య గోమెరు ఎంత దూరం పోయినా వెండీ యవలూ ఇచ్చి మరీ తిరిగి తెచ్చుకున్నాడు. మనవాళ్ళలో ఈ మధ్య చిన్న గొడవకే లాయర్ దగ్గరికి పరిగెడుతున్నారు, పిల్లలు అమ్మమ్మ ఇంటికీ నాన్నమ్మ ఇంటికీ మధ్య నలిగిపోతున్నారు. పెద్దలు ఒక్క రాత్రి ఆలస్యం చేసినా అటు పుట్టింటివాళ్ళు, ఇటు అత్తింటివాళ్ళు దిగిపోయి కలిసే కాపురాన్ని కూడా విడగొడతారు. ఇది నేను కళ్ళారా చూసి చెబుతున్న మాట.

ఒంగోలు విశ్వాసి:
బ్రదర్, బంధువులు దిగి చెడగొడతారన్నది ఒప్పుకుంటాను. మిగతావి ఒప్పుకోలేను, కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మలాకీ. ఆ అధ్యాయంలో దేవుడు గద్దిస్తున్నది ఎవరిని? యౌవనంలో పెళ్ళాడిన భార్యకు ద్రోహం చేసిన మగవాళ్ళను. ఆ భార్య పక్షాన యెహోవాయే సాక్షిగా నిలబడ్డాడని 14వ వచనంలో ఉంది. ఆ మాటలు ఆ గదిలో మోకాళ్ళ మీద ఉన్న మనిషికి చదవాల్సినవి, గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికి చదివారు. నాకు అన్నింటికన్నా ఎక్కువ కోపం అక్కడే వచ్చింది.

హోషేయ సంగతి మీరే ఎత్తారు కాబట్టి మూడో అధ్యాయం ఇంకో వచనం ముందుకు చదవండి. తెచ్చుకున్న వెంటనే అంతా మామూలే అనలేదు. చాలా దినాలు నువ్వు ఏ పురుషుడి జోలికీ పోకుండా ఉండాలి, నేనూ నీ పట్ల అలాగే ఉంటాను అన్నాడు. అంటే ఆయన కూడా గడువు పెట్టాడు. యిర్మీయా 3లోనైతే, అంత ప్రేమించిన దేవుడే ఇశ్రాయేలు వ్యభిచారానికి పరిత్యాగ పత్రిక, అంటే విడాకుల పత్రం, ఇచ్చానంటాడు, ఆ తరువాతే తిరిగి రమ్మని పిలుస్తాడు. యోసేపు మరియను అనుమానించినప్పుడు రహస్యంగా విడిచిపెట్టాలనుకున్నాడు, అలా అనుకున్న మనిషినే మత్తయి నీతిమంతుడు అంటున్నాడు. మార్కులో, లూకాలో మినహాయింపు లేదు కాబట్టి మత్తయిలో ఉన్నది కొట్టేద్దామంటే ఎలా? సంఘ చరిత్రలో కూడా దీని మీద ఒకే మాట లేదు. 1640లలో ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ అయిన ప్రెస్బిటేరియన్లు రాసుకున్న వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం, వ్యభిచారం జరిగితే నిర్దోషి విడాకులు తీసుకోవచ్చు, తప్పు చేసినవారు చనిపోయినట్టే ఎంచి మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు అంది. వాళ్ళు వాక్యం చదవనివాళ్ళు కాదు కదా.

విడాకులే తీసుకోవాలని నేను అనడం లేదు. క్షమించడం ఆవిడ హృదయంలో జరిగేది, ఆవిడ ఇవాళే క్షమించొచ్చు. నమ్మకం మాత్రం ఆయన సంపాదించుకోవాలి. మారుమనస్సుకు తగిన ఫలాలు ఫలించండి అన్నాడు బాప్తిస్మమిచ్చు యోహాను, కన్నీళ్ళు చాలనలేదు. ఆ అద్దె ఆగిందా? ఆ రెండో ఆవిడకు కూడా ఏమని చెప్పి మోసం చేశాడో అడిగారా? రక్తపరీక్ష చేయించుకున్నాడా? ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా చేస్తారు, అది కూడా లేకుండా భార్యను ఆ రాత్రే అదే మంచానికి పంపడాన్ని ఏమనాలి? హెబ్రీ పత్రిక 13లో పానుపు నిష్కల్మషంగా ఉండాలని ఉంది, దాన్ని పాడు చేసింది ఆయన, టెన్షన్ మాత్రం ఆవిడది.

ఏలూరు ఆర్‌సీఎం:
మా కతోలికల్లో విడాకులు లేవు, అది అందరికీ తెలుసు. కానీ మా సంఘ చట్టంలో కూడా, జీవిత భాగస్వామి వ్యభిచారం చేస్తే క్షమించమని గట్టిగా సలహా ఇస్తూనే, క్షమించలేనివాళ్ళకు విడిగా ఉండే హక్కు ఇచ్చారు, వివాహ బంధం మాత్రం అలాగే ఉంటుంది. విషయం తెలిసి కూడా ఇష్టపూర్వకంగా దాంపత్యం సాగిస్తే క్షమించినట్టే, ఏ అధికారి దగ్గరికీ వెళ్ళకుండా ఆరు నెలలు కలిసి కాపురం చేసినా క్షమించినట్టే ఎంచుతారు. ఆ రాత్రే వెళ్ళి తీరాలని మాత్రం అనలేదు. విడాకులే ఒప్పుకోని మేమే విడిగా ఉండే హక్కు ఇస్తుంటే మీవాళ్ళకు అంత తొందరేమిటో నాకు అర్థం కాలేదు.

కోర్టు పక్షి:
నేను ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీస్ చేస్తాను. వాక్యం గురించి మీ అంత తెలియదు, చట్టం చెబుతాను. క్రైస్తవుల విడాకుల చట్టం 1869 నాటిది. 2001 దాకా భర్తకైతే భార్య వ్యభిచారం ఒక్కటి చాలు, భార్యకు మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి పోవడమో ఇంకోటి కూడా నిరూపించాల్సి వచ్చేది. 2001 సవరణతో ఇద్దరికీ ఒకటే చేశారు. 2018లో సుప్రీంకోర్టు వ్యభిచారం నేరం కాదంది, దాంతో ఇక అడిగే దిక్కు లేదని చాలామంది అనుకుంటున్నారు, అది తప్పు, విడాకులకు అది ఇప్పటికీ కారణమే.

అసలు చెప్పాలనుకున్నది ఆ చట్టంలో 13, 14 సెక్షన్ల గురించి. తప్పును మన్నించారని తేలితే కోర్టు పిటిషన్ కొట్టేస్తుంది. మన్నించినట్టు ఎప్పుడు? తెలిసిన తరువాత మళ్ళీ దాంపత్యం మొదలుపెట్టినా, కొనసాగించినా. అంటే పెద్దలు మంచి మాట చెబుతున్నామనుకుని ఆ రాత్రే పంపేస్తే, ఆవిడకు తెలియకుండానే ఆవిడ కేసును బలహీనం చేస్తున్నారు. విడాకులు వద్దనుకునేవాళ్ళకు జుడీషియల్ సెపరేషన్ అనే దారి కూడా ఉంది, పెళ్ళి ఉంటుంది, కలిసి ఉండక్కర్లేదు.

కువైట్ నుంచి ఒక చెల్లి:
ఇంత సేపూ మగాడి తప్పు గురించే మాట్లాడారు కాబట్టి రాస్తున్నాను. కోనసీమ నుంచి, కడప నుంచి ఇక్కడ ఇళ్ళలో పని చేసేవాళ్ళం చాలామంది విశ్వాసులమే. మా మీద ఊళ్ళో ఒక్క పుకారు వస్తే చాలు, రుజువు అక్కర్లేదు, సెలవుకి ఇంటికి వెళ్ళినప్పుడు ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే చోటికి, రానివ్వరు. అదే సంఘంలో మేం పంపిన డబ్బుతో ఇంకొకరితో తిరిగిన భర్త ముందు వరసలో కూర్చుని కానుక వేస్తాడు. మొదటి కొరింథీ 7లో భార్య దేహం మీద భర్తకు, భర్త దేహం మీద భార్యకు సమానంగా అధికారం ఇచ్చాడు పౌలు. ఆ వాక్యం మీద ప్రసంగం నేనైతే ఇంతవరకు వినలేదు.

నెల్లూరు బ్రదర్:
చెల్లీ, నువ్వు చెప్పింది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రభువు బల్ల దగ్గర క్రమశిక్షణ ఉంటే ఇద్దరికీ ఉండాలి. పరీక్ష విషయం, గడువు విషయం కూడా ఒప్పుకుంటున్నాను. కానీ భర్త బతికుండగా మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చన్నది మాత్రం నేను ఒప్పుకోను, రోమా 7 అందుకు చోటివ్వదు. విడిగా ఉండి ఆయన మారడం కోసం ఎదురుచూడొచ్చు, అంతవరకే.

ఒంగోలు విశ్వాసి:
రెండో పెళ్ళి దగ్గర మనం కలవం బ్రదర్, అది వేరే పోస్టులో తేల్చుకుందాం. లాయర్ గారూ, ఆవిడ ఇప్పటికే ఇంటికి వెళ్ళిపోయింది కదా, ఇక దారి లేనట్టేనా?

కోర్టు పక్షి:
అలా ఏం లేదు. ఆ మన్నింపు షరతు మీద ఇచ్చినదే. 1975లో సుప్రీంకోర్టు హిందూ వివాహ చట్టం కింద వచ్చిన ఒక కేసులో ఇదే చెప్పింది, మళ్ళీ తప్పు చేస్తే పాతది కూడా తిరిగి లేస్తుంది. ఆ అద్దె చెల్లింపుల స్టేట్‌మెంట్ కాపీ తీసి ఎక్కడైనా భద్రంగా పెట్టుకోమనండి, ముఖ్యంగా తేదీలు కనపడాలి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను పెడతారు, అడిగితే చాలు.

ఒంగోలు విశ్వాసి:
చాలా థాంక్స్ అండీ. బుధవారం స్త్రీల కూడికకు వెళ్తున్నాను, అక్కడ ఆవిడ కలుస్తుంది. నా అభిప్రాయం చెప్పే ముందు ఆవిడకేం కావాలో అడుగుతాను, రక్తపరీక్షకు తోడు రమ్మంటే వెళ్తాను.