ఏటీ అండ్ టీ ప్లేనో వెళ్తోంది: డాలస్ డౌన్‌టౌన్‌లో ఆ పక్కనే టిఫిన్ సెంటర్‌కి ఐదేళ్ల లీజు తీసుకోవచ్చా?

అడిగినవారు: దోసెపెనం

టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ టవర్‌కి రెండు వీధుల అవతల 2,000 చదరపు అడుగుల షాపు ఖాళీగా ఉంది. టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం పెట్టాలని ఆలోచన. ఓనర్ ఐదేళ్ల ట్రిపుల్ నెట్ లీజు (అద్దెతోపాటు బిల్డింగ్ ఖర్చులూ అద్దెదారే కట్టేది) అడుగుతున్నాడు, అద్దె మాత్రం బాగా తగ్గించాడు. కంపెనీ తన హెడ్డాఫీసును డాలస్ శివార్లలోని ప్లేనోకి మారుస్తానని 2026 జనవరిలో ప్రకటించింది, 2028 రెండో సగం నుంచి అక్కడ మొదలవుతుందట. అంటే రెండేళ్ల గిరాకీ ఖాయం, ఈలోగా ఆ టవర్‌లోకి ఇంకో కంపెనీ రాదా అని మా పార్ట్‌నర్ వాదన. ఇందులో లోపం ఎక్కడ? లీజులో ఏవేం చూడాలి?

జవాబు 1: పాతటవర్లు

"ఇంకో కంపెనీ రాదా" అన్న దగ్గరే లోపం ఉందండీ. ఇదే కంపెనీ సెయింట్ లూయిస్‌లో ఖాళీ చేసిన టవర్ సంగతి చూడండి. 1986లో, తర్వాత ఏటీ అండ్ టీగా మారిన సౌత్‌వెస్టర్న్ బెల్‌కి హెడ్డాఫీసుగా కట్టారు. 44 అంతస్తులు, సుమారు 14 లక్షల చదరపు అడుగులు. హెడ్డాఫీసు 1990ల మొదట్లో శాన్ ఆంటోనియోకి, 2008లో డాలస్‌కి మారింది. సెయింట్ లూయిస్ టవర్ 2017లో పూర్తిగా ఖాళీ అయింది. 2006లో 20.5 కోట్ల డాలర్లు పలికిన ఆ బిల్డింగ్ 2022లో సుమారు 40 లక్షలకు, 2024లో 36 లక్షలకు చేతులు మారింది. రూపాయికి రెండు పైసలు కూడా నిలవలేదు.

ఎందుకంటే ఒకే కంపెనీ కోసం కట్టిన బిల్డింగ్‌లో లాబీ, లిఫ్టులు, ఏసీ చిల్లర్ యంత్రాలు, కరెంటు అన్నీ ఒక్కరి వాడకానికే అమర్చి ఉంటాయి. దాన్ని పాతికమంది చిన్న అద్దెదారులకు విడగొట్టాలంటే కారిడార్లు వేయాలి, మీటర్లు వేరు చేయాలి, ఒక్కొక్కరికీ ఇంటీరియర్ ఖర్చులో వాటా ఇవ్వాలి, బ్రోకర్ కమీషన్ కట్టాలి. ఈ డబ్బంతా మొదటి నెల అద్దె చేతికి రాకముందే పెట్టాలి. అప్పటికే బిల్డింగ్ మీద అప్పుంటే బ్యాంకులు కొత్తగా ఇవ్వడం కష్టం. దాంతో ఓనర్ ఏసీ, సెక్యూరిటీ తగ్గిస్తాడు. హీటింగ్ ఆపిన బిల్డింగ్‌లో చలికాలం పైపులు గడ్డకట్టి పగులుతాయి, రాగి తీగల దొంగలు పడతారు. సెయింట్ లూయిస్‌లోనే 21 అంతస్తుల రైల్వే ఎక్స్ఛేంజ్ బిల్డింగ్ ఉంది. 2013లో అందులోని మేసీస్ డిపార్ట్‌మెంట్ స్టోర్ మూతపడ్డాక అది ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉంది. అలాంటి గోడ పక్కన నడవడానికి జనం జంకుతారు, దెబ్బ చుట్టుపక్కల షాపుల మీద పడుతుంది.

ఒక తేడా చెప్పాలి. సెయింట్ లూయిస్ సిటీ తన పరిధిలో పనిచేసేవాళ్ల జీతం మీద 1 శాతం పన్ను తీసుకుంటుంది. ఆఫీసు సిటీ పక్కనే ఉన్న క్లేటన్‌కి మారితే, సిటీలో ఇల్లు లేని ఉద్యోగి పన్నును సిటీ కోల్పోయినట్టే. టెక్సస్‌లో ఆ పన్ను లేదు కాబట్టి డాలస్‌కి దెబ్బ ఆస్తి పన్ను, సేల్స్ టాక్స్ వైపు నుంచి వస్తుంది. ఆస్తి పన్నులో సిటీ వాటా వంద డాలర్ల విలువకు సుమారు 70 సెంట్ల లెక్కన, బిల్డింగ్ విలువ 10 కోట్లు పడిపోతే ఏడాదికి 7 లక్షలు తగ్గినట్టు. స్కూళ్లు, కౌంటీ వాటాలు దీనికి అదనం.

జవాబు 2: క్లాజులక్ష్మి

అద్దె తగ్గించాడని మురిసిపోకండి. ట్రిపుల్ నెట్‌లో ఆస్తి పన్ను, ఇన్సూరెన్స్, క్యామ్ (ఉమ్మడి స్థలాల నిర్వహణ ఖర్చు) మీ నెత్తినే పడతాయి. ముందు మీ వాటాను దేనితో భాగిస్తున్నారో చూడండి. మొత్తం బిల్డింగ్ వైశాల్యంతోనా, అద్దెకు పోయిన భాగంతోనా? లక్ష చదరపు అడుగుల బిల్డింగ్‌లో మీ 2,000 అంటే 2 శాతం. 60,000 అడుగులు తీసుకున్న పెద్ద అద్దెదారు వెళ్లిపోయి, లీజులో "అద్దెకు పోయిన భాగం" అని రాసి ఉంటే, మీ 2,000ని 40,000తో భాగిస్తారు. అది 5 శాతం. క్యామ్ ఏడాదికి 5 లక్షల డాలర్లయితే మీ వాటా 10,000 నుంచి 25,000 అవుతుంది. డౌన్‌టౌన్ ఖాళీ అయ్యేకొద్దీ మిగిలినవాళ్ల బిల్లు పెరిగేది ఇలాగే. "మొత్తం అద్దెకిచ్చే వైశాల్యం" అని మార్పించండి, ఏటా పెరుగుదలకు పరిమితి పెట్టించండి.

రెండోది ఎస్‌ఎన్‌డీఏ, అంటే బిల్డింగ్ తన చేతికొచ్చినా మీ లీజును కొనసాగిస్తానని ఓనర్‌కి అప్పిచ్చిన బ్యాంకు మీతో చేసుకునే ఒప్పందం. చాలామంది దీన్ని అసలు చదవరు, నా లెక్కలో అద్దెకన్నా ఇదే ముఖ్యం. ఓనర్ అప్పు ఎగ్గొట్టి బ్యాంకు బిల్డింగ్ స్వాధీనం చేసుకుంటే, టెక్సస్‌లో ఆ అప్పు తర్వాత రాసుకున్న లీజు సాధారణంగా చెల్లకుండా పోతుంది. మిమ్మల్ని కదపనని బ్యాంకు సంతకం పెట్టిన ఈ కాగితం ఉంటే తప్ప, మీరు పెట్టిన కిచెన్‌కి రక్షణ లేదు.

మూడోది, మధ్యలో బయటపడే హక్కు. 24వ నెల తర్వాత అమ్మకం ఒక మొత్తం కన్నా తగ్గితే 90 రోజుల నోటీసుతో వెళ్లిపోవచ్చని రాయించండి. పర్సనల్ గ్యారంటీ (షాపు కట్టలేకపోతే సొంత ఆస్తి నుంచి కడతానన్న హామీ) ఐదేళ్లకూ ఇవ్వొద్దు, ఏటా తగ్గుతూ పోయేలా అడగండి. ఆస్తి పన్ను మీరే కడుతున్నారు కాబట్టి, ఓనర్ అప్పీలు చేయకపోతే అద్దెదారుగా మీరే వేయవచ్చు. గడువు సాధారణంగా మే 15.

జవాబు 3: లంచ్‌లెక్క

"రెండేళ్ల గిరాకీ ఖాయం" అన్నదీ సరికాదు అన్నా. అంతపెద్ద ఆఫీసు ఒక్కరోజులో ఖాళీ అవదు, అంతస్తుల వారీగా పలచబడుతుంది. కాంట్రాక్టర్లు, వెండర్లు ముందే తగ్గుతారు, కొత్తవాళ్లను కొత్త చోటుకే తీసుకుంటారు. డౌన్‌టౌన్‌లో ఆ కంపెనీ వాళ్లు సుమారు 6,000 మంది. నూటికి ఒకరు మీ దగ్గరికొస్తే రోజుకు 60 భోజనాలు. 15 డాలర్ల చొప్పున 900, ఏడాదికి 250 పని రోజులకు 2,25,000. ఈ అంకె సున్నా చేసి మిగిలిన అమ్మకంతో షాపు నిలుస్తుందా చూడండి. బ్యాంక్ ఆఫ్ అమెరికా కూడా 72 అంతస్తుల ప్లాజా వదిలి 2027లో అప్‌టౌన్‌కి వెళ్తోంది, అదీ కలపండి.

ఫ్లాట్లుగా మారుస్తారులే అనే ఆశకూ లెక్క ఉంది. ఎల్మ్ స్ట్రీట్‌లో 52 అంతస్తుల పాత ఫస్ట్ నేషనల్ బ్యాంక్ టవర్ 2010లో మూతపడి, సుమారు 46 కోట్ల డాలర్ల ఖర్చుతో 2020లో ‘ద నేషనల్’ పేరుతో తెరుచుకుంది. పదేళ్లు పట్టింది. వచ్చింది ఒక హోటల్, 324 ఫ్లాట్లు. 1980ల టవర్లయితే ఇంకా కష్టం. కిటికీ నుంచి మధ్యలో లిఫ్టుల దాకా 40 అడుగుల లోతు ఉంటే వెనక గదులకు వెలుతురు రాదు, టాయిలెట్ల పైపులన్నీ మధ్యలోనే ఉంటాయి. ఫ్లాట్లలో ఉండేవాళ్లు వచ్చేది సాయంత్రం, శని ఆదివారాలు. మీ మెనూ మధ్యాహ్నానికే అయితే వాళ్లతో లాభం లేదు.

దోసెపెనం

థాంక్స్ అండీ. క్లాజులక్ష్మి గారూ, ఓనర్ ఎస్‌ఎన్‌డీఏ తెచ్చివ్వనంటే?

క్లాజులక్ష్మి

అయితే ఐదేళ్లు వద్దు. రెండేళ్ల లీజు, రెన్యూవల్ ఆప్షన్ మీ చేతిలో ఉండేలా అడగండి. పొగ లాగే హుడ్, డక్ట్, జిడ్డు ఆపే గ్రీజ్ ట్రాప్ ముందే ఉన్న పాత రెస్టారెంట్ షాపు మాత్రమే చూడండి, ఎందుకంటే అవి కట్టించాక సాధారణంగా గోడతోపాటు ఓనర్‌వే. గ్రైండర్, ఇడ్లీ స్టీమర్, పెనం బండెక్కించి ప్లేనో తీసుకెళ్లొచ్చు. అవి మీవేనని, ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్లొచ్చని లీజులో జాబితాగా రాయించండి.